డబ్బు పోని జూదము

సంక్రాంతి వచ్చుచున్నదనగానే మన గోదావరి మండలములందు రెండు సన్నాహములు మొదలగును. ఒకటి బరులలో, రెండవది పత్రికలలో. భీమవరము మొదలుకొని కోనసీమ లంకలవఱకు కొబ్బరితోటల మాటున నేల చదును చేయించి, షామియానాలు వేయించి, కోళ్లకు కత్తులు సిద్ధపఱచువారొక పక్షము. అది జీవహింస యనియు, జూదమనియు, మన మండలములకే మచ్చ యనియు వ్యాసములు వ్రాసి సభలు చేయువారు వేఱొక పక్షము. మేము రెండవ పక్షమువారము. న్యాయస్థానములు కూడదన్న పందెములు ఏటేటను యథాప్రకారము జరుగుచుండుటయు, కోడి ప్రక్కనే గుండాటయు, గుండాట ప్రక్కనే పేకాటయు వెలయుచుండుటయు మాకు సమ్మతము కాదు. ఆ మాట ఇంతకుముందు వ్రాసితిమి, ఇకముందును వ్రాయుదుము.

కాని ఈమాఱు మేము వ్రాయుచున్నది బరికి వెళ్లువారినిగూర్చి కాదు, వెళ్లనివారినిగూర్చి. పందెమన్న ముక్కు మూసికొని, పేకముక్కను గడప దాటనీయక, ఆడపిల్లలను మగపిల్లలతో సమానముగా చదివించి, గ్రంథాలయమునకు చందా కట్టి, "మా యింట జూదమన్న మాట లేదు" అని నిబ్బరముగా చెప్పుకొను విద్యావంతుల కుటుంబములనుగూర్చి. అనగా, చదువరులారా, మిమ్మునుగూర్చియే.

మీ యింట జూదమున్నది. అది అరచేతిలో ఇముడునంత చిన్నదగుటచేత కంటికి ఆనుట లేదు. రాత్రి భోజనములైన పిదప ఒక్కసారి మీ యింటిలోనే నలుప్రక్కల కలయజూడుడు. యజమానుడు పడకకుర్చీలో రంగురంగుల మిఠాయిబిళ్లలను మూడేసి చొప్పున వరుస గూర్చుచుండును. ఇల్లాలు వంటయిల్లు సర్దుచు సర్దుచు నడుమ ఆగి, ఫోనులో లూడో పాచిక దొర్లించి, మఱల గిన్నె అందుకొనును. కుమారుడు చెవులకు తొడుగులు పెట్టుకొని ఎవ్వరినో కాల్చుచుండును. తాతగారికి సైతము ఎవరో ఆట నేర్పిపోయిరి. నలుగురును ఒక్కచోటనే యున్నారు. ఒకరి మొగమొకరు చూచి గంటయైనది. ఇదియేమని అడిగితిమా, నలుగురినోటను ఒక్కటే సమాధానము: "పైసా పెట్టి ఆడుచున్నామా ఏమండీ? ఊరక ప్రొద్దుపోవుటకు గదా!"

ఈ వ్యాసమంతయు ఆ యొక్క సమాధానముమీదనే.

ఈ సమాధానమునకు చట్టముకూడ వత్తాసు పలుకునట్లు తోచును. మన దేశమున జూదమునుగూర్చిన న్యాయవిచారమంతయు రెండే ప్రశ్నలమీద నడచినది: ఆటలో నేర్పెక్కువయా, అదృష్టమెక్కువయా? పందెములో డబ్బున్నదా, లేదా? సికిందరాబాదులోని ఒక క్లబ్బునకు సంబంధించిన వ్యాజ్యములో 1967 నవంబరున సుప్రీముకోర్టు రమ్మీ ప్రధానముగా నేర్పుతో గూడిన ఆటయని తీర్పు చెప్పినది. ఆ యొక్క మాటను కవచముగా తొడుగుకొని, అర్ధశతాబ్దము గడచిన పిమ్మట, ఫోనులో రమ్మీ నడపు వ్యాపారులు ఊరూరను గాలము వేసిరి. తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020 సెప్టెంబరులోను తమ తమ గేమింగు చట్టములను సవరించి, డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించినవి. తరువాత 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని ఒక్క శాసనము చేసినది. ఆ నెల 22వ తేదీన రాష్ట్రపతి దాని నామోదించిరి. డబ్బుతో ఆడించు వ్యాపారికి మూడేండ్లవఱకు కారాగారమును, కోటి రూపాయలవఱకు జరిమానాయు అందు విధింపబడినవి. ఆడి చెడినవానిని మాత్రము అపరాధిగా కాక బాధితునిగా చూచినది. ఇది మెచ్చదగినదే. రమ్మీలో నగలు, పొలము పోగొట్టుకొని కుటుంబమునకు మొగము చూపలేక ప్రాణములు తీసికొనినవారి వార్తలు రెండు తెలుగు రాష్ట్రముల పత్రికలలోను మనము చదివి చదివి యున్నాము.

అయితే ఆ శాసనమునందే వేఱొక విశేషమున్నది. ఆన్‌లైను ఆటలను అది మూడు తెగలుగా విభజించినది: పోటీక్రీడలు, డబ్బు ఆటలు, సామాజిక క్రీడలు. ఈ మూడవ తెగకు నిషేధము లేకపోవుట అటుంచి, వినోదమునకును విద్యకును పనికివచ్చునవని వానిని ప్రోత్సహించుటకు ఏర్పాటును గలదు. మేము దీనిని తప్పు పట్టుట లేదు. పోలీసువారు మన పడకగదిలోనికి వచ్చి, ఎవరు ఎంతసేపు మిఠాయిబిళ్లలు పేర్చినదియు లెక్క చూడనక్కఱలేదు, చూడరాదు కూడ. శాసనము ఎక్కడనో ఒక గీత గీయవలెను; అది డబ్బువద్ద గీచినది. మా తగవు శాసనముతో కాదు. ఆ గీతనే తెచ్చి తమ నట్టింట గీచికొని, దానికి ఈవల నున్నదంతయు పుణ్యమేయని సంతృప్తిపడు గృహస్థులతోనే మా తగవు. వీధిలో మద్యము త్రాగి పడిపోయినవానిని పట్టుకొనుటకు చట్టమున్నది. ఇంటిలో మాట మాటకు విసుగుకొను తండ్రిని పట్టుకొనుటకు లేదు. అంతమాత్రముచేత ఆ విసుగు సద్గుణమగునా?

డబ్బు పోకున్న ఏమి పోవుచున్నదో చూతము.

2009 జూన్ నెలలో ఫేస్‌బుక్కునందు ఫార్మ్‌విల్ అను ఆట వెలువడినది. 2010 ఆరంభమునాటికి నెలకు ఎనిమిది కోట్లమందికి పైగా దాని నాడుచుండిరి. ఆట యనగా వ్యవసాయమే. తెరమీద చిన్న మడి యుండును. దానిని దున్నవలెను, విత్తవలెను, కోయవలెను. స్ట్రాబెర్రీ పండు నాలుగు గంటలలో పక్వమునకు వచ్చును. వచ్చినదానిని కొంతలో కొంత సకాలమున కోయకున్న వాడి నశించును. పొలము పెంచుకొనవలెనన్న ఇరుగుపొరుగువారు కావలెను. కావున స్నేహితులకును బంధువులకును 'నాకు పొరుగువాడవు కమ్ము' అని కబురంపవలెను. మన చదువుకొన్న బిడ్డలు కళాశాలలలో, కచేరీలలో, అమెరికాలో, బెంగుళూరులో కూర్చుండి ఈ కాపు కావించిరి. అర్ధరాత్రి రెండుగంటలకు గడియారమునకు కీ యిచ్చి పెట్టుకొని లేచి, లేని మడిలో లేని పండ్లు కోసినవారున్నారు.

గోదావరి డెల్టా బిడ్డలు! దవళేశ్వరము ఆనకట్ట నీళ్లు త్రాగి పెరిగినవారి మనుమలు! వీరి తాతలకు పంటయన నేమో తెలియును. మన మారుటేరు పరిశోధనస్థానమున రూపొంది 1982లో విడుదలయైన స్వర్ణ అను వరి, సార్వాలో వేసినది, పండుటకు సుమారు నూటయేబది దినములు తీసికొనును. నారు పోయుట, ఊడ్పు, కలుపు, కోత, కుప్ప వేయుట, నూర్పిడి — వీనిలో ప్రతిదానికిని ఒక కాలమున్నది; రెంటి నడుమ నిరీక్షణ యున్నది. గట్టుమీద నిలిచి చూచి, ఇక చేయవలసినదేమియు లేదని రైతు ఇంటికి వచ్చి నిద్రపోవును. నిజమైన పైరు మనుష్యుని నిద్రపోనిచ్చును. తుపాను దినములలో దక్క అది అర్ధరాత్రి పేరు పెట్టి పిలువదు. నాలుగు గంటలకొకసారి పిలుచు పైరు, నిద్ర చెఱచుటకై ఒకరు బుద్ధిపూర్వకముగా పన్నిన పైరు. రైతును పంట బెదరించును, మురిపించును, ముంచును, కాని బ్రతిమాలదు. ఈ పంట బ్రతిమాలును. అదియే దాని ఎఱ్ఱజెండా. దానిని చూచి ఆగవలసినది, మనము చూడలేదు.

ఆ కాలముననే జరిగిన మఱి రెండు సంగతులను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. 2011 సార్వాలో మన కోనసీమ రైతులు గిట్టుబాటు ధర లేక, కూలి ఖర్చులు భరింపలేక, ముంపునీరు పోవు దారిలేక విసిగి, పంట విరామము ప్రకటించిరి. నీరున్నది, నేలయున్నది, అయినను వేలకొలది ఎకరములు నాటకుండ విడిచిపెట్టిరి. డెల్టా పచ్చదనమునకు పేరుపడిన చోట మళ్లు బీళ్లుగా నిలిచినవి. ఇది ఒకటి. రెండవది అమెరికాలో జరిగినది. ఇయాన్ బోగోస్ట్ అను ఆచార్యుడు ఫార్మ్‌విల్ వంటి ఆటలను అపహసించుటకై 2010 జూలైలో 'కౌ క్లిక్కర్' అని ఒక ఆట కల్పించెను. అందొక ఆవు బొమ్మయుండును. ఆఱు గంటలకొకసారి దానిని నొక్కవచ్చును. నొక్కిన 'అంబా' యనును. అంతకుమించి ఆటలో ఏమియు లేదు. డబ్బిచ్చినచో ఆఱు గంటలు ఆగకయే నొక్కవచ్చును. జనులు వెక్కిరింతను గ్రహించి నవ్వి విడిచిపెట్టుదురని ఆయన తలంచెను. ఏబదివేలమందికి పైగా చేరి భక్తితో నొక్కిరి. చివఱకు 2011 సెప్టెంబరున ఆయన విసిగి ఆవులన్నిటిని మాయము చేసెను. ఆవు పోయిన వట్టి నేలను సైతము కొందఱు నొక్కుచునే యుండిరి.

కోనసీమలో రైతు నిజమైన నేలను గుండె రాయి చేసికొని ఖాళీగా విడిచిన సార్వాలోనే, లోకమున వేఱొకచోట ఖాళీనేలను మనుష్యులు నొక్కుచుండిరి. ఆ రైతు గోడు తీఱిందా, ఆ కాలువలు పూడిక తీయబడినవా యని ఆరాయుటకు ఆ దినములలో మన విద్యావంతుల యిండ్లలో ఎందఱకు తీఱిక దొరకెను? ఫార్మ్‌విల్ 2020 డిసెంబరు 31వ తేదీన మూతపడినది. ఎనిమిది కోట్లమంది దున్నిన పొలములో ఒక్క గింజయైనను ఏ గాదెలోను లేదు.

'అది పాతకథ, ఇప్పుడెవ్వరాడుచున్నారు?' అనవచ్చును. ఆట పోయినది, పన్నుగడ పోలేదు. 2012లో వచ్చిన క్యాండీ క్రష్ అను మిఠాయి ఆటను చూడుడు. అది ఆటగానికి ఐదు ప్రాణములిచ్చును. ఓడినప్పుడెల్ల ఒకటి పోవును. పోయిన ప్రాణము మఱల వచ్చుటకు అరగంట పట్టును. ఆగలేనివాడు రెండు దారులలో ఒకటి త్రొక్కవలెను: డబ్బిచ్చి కొనవలెను, లేదా స్నేహితులను యాచింపవలెను. గెలుపును ఒక క్రమమున ఇచ్చుచున్నదా యనిన, లేదు. ఒకప్పుడు తేలికగా ఇచ్చును. ఒకప్పుడు పది పర్యాయములు విసిగించి, ఒక్క ఎత్తు కొఱతలో ఓడించి, 'ఇంకొక ఐదు ఎత్తులు కావలెనా' యని అడుగును. ఈ గుట్టు మనస్తత్వశాస్త్రజ్ఞులకు ఎప్పుడో తెలియును. స్కిన్నర్ అను పండితుడు పావురములను పెట్టెలలో నుంచి పరీక్షలు చేసి, తన సహచరునితో కలిసి 1957లో పెద్ద గ్రంథమునే ప్రకటించెను. ముక్కుతో పొడిచినప్పుడెల్ల గింజ రాలినచో పావురము కడుపు నిండగానే మానును. గింజ ఎప్పుడు రాలునో తెలియనట్లు చేసినచో అలుపు లేక పొడుచుచునే యుండును. జూదపు యంత్రములన్నియు ఈ సూత్రముమీదనే నడచుచున్నవి. మన పెద్దమనుష్యుడు పడకకుర్చీలో చేయుచున్నదియు అదియే. గింజ స్థానమున రంగుల వెలుగున్నది, అంతే భేదము.

'ఉచితము' అను మాట మనవారిని మిక్కిలి మోసపుచ్చుచున్నది. ఉచితముగా ఇచ్చువానిని అనుమానింపవలెనని పల్లెలలోని నిరక్షరాస్యులకు తెలియును; పట్టభద్రులు మఱచిరి. ఈ ఆటలాడువారిలో అత్యధికులు ఒక్క పైసాయైన చెల్లింపని మాట నిజము. కాని మిఠాయి ఆట నడపు కంపెనీ 2016లో సుమారు 590 కోట్ల డాలర్లకును, ఫార్మ్‌విల్ నడపిన కంపెనీ 2022లో సుమారు 1,270 కోట్ల డాలర్లకును అమ్ముడుపోయినవి. పైసా ఇయ్యనివారి గుంపునకు అంత వెల యెట్లు వచ్చినది? కొనినవారు వెఱ్ఱివారు కారు. వారు కొనినది కోట్లమంది మధ్యాహ్నములను, రాత్రులను. పైసా ఇయ్యనివాడు ప్రకటనలు చూచి ఇచ్చుచున్నాడు, తన బంధువులకు కబుర్లంపి వారిని లాగి ఇచ్చుచున్నాడు, పైసా ఇచ్చు కొద్దిమందికి ఆటలో తోడుగా కూర్చుండి ఇచ్చుచున్నాడు. బరిలో పందెము కాయువానికి తన జేబునుండి ఏమి పోయినదో ఇంటికి వచ్చునప్పటికైన తెలియును. వీనికి అదియు తెలియదు.

ఇక్కడ మాకు మిక్కిలి బాధ కలిగించు సంగతి యొకటి చెప్పవలసియున్నది. మన డెల్టాలో ఒంటరి యిండ్లు పెరుగుచున్నవి. కొడుకు డల్లాసులో, కూతురు హైదరాబాదులో, మేనల్లుడు గల్ఫులో. పెంకుటింట ముసలిదంపతులో, వారిలో మిగిలిన ఒక్కరో. ఇట్టి తల్లికి కొడుకే ఫోను కొనియిచ్చి, ఒంటరితనము పోవుటకు ఆట నేర్పును. ఆమె ప్రాణములైపోయినప్పుడు కొడుకును అడుగును. అతడు కచేరీలో పనిలో నుండియే ఒక మీట నొక్కి ప్రాణము పంపును. ఆమె ఫోను మీద హృదయము బొమ్మ వెలుగును. కొడుకు తలచుకొన్నాడని తల్లి సంతోషించును. తల్లిని పలుకరించితినని కొడుకు తృప్తిపడును. మోకాలి నొప్పి సంగతి, రాత్రి దగ్గు సంగతి, పాలేరు మానిపోయిన సంగతి, పెరటిలో జామచెట్టు కాచిన సంగతి ఆమె చెప్పలేదు, అతడడుగలేదు. అడుగవలెనను వేడియు ఆ మీటతోనే చల్లాఱినది. "ప్రాణము పంపుట" యట! పూర్వము కార్డుముక్కమీద 'ఉభయ కుశలోపరి' యని మొదలుపెట్టి నాలుగు పంక్తులు వ్రాయుటకు అరగంటసేపు తల్లిని తలచుకొనవలసి వచ్చెడిది. ఆ అరగంటయే ఉత్తరము. ఇప్పుడు ఉత్తరమున్నది, అరగంట లేదు. ఈ ఆటలను 'సామాజిక'ములని పిలుచుటలో నున్న వింత ఇదియే: మనుష్యుడు మనుష్యునకు ఆటసామగ్రి యగుచున్నాడు. పొరుగువాడు పొలము పెంచుకొనుటకు, కొడుకు ప్రాణము తెచ్చుటకు, మేనత్త అడ్డుపడిన మెట్టు దాటించుటకు.

ఆటలు మన పూర్వులాడలేదా యని ఆక్షేపించువారున్నారు. ఆడిరి. వామనగుంటలున్నవి, అష్టాచెమ్మ యున్నది, పచ్చీసున్నది, పులిజూదమున్నది. అఱుగుమీద సుద్దతో గీచుకొని, చింతపిక్కలతో, గవ్వలతో ఆడిరి. ఇంగ్లండులో 1896లో హక్కులు పొందిన లూడో మన పచ్చీసు బిడ్డయే. ఆ బిడ్డ 2016లో ఫోనులోనికి దిగి, 2020 నాటి నిర్బంధపు దినములలో ఇంటింట ప్రవేశించినది. ఆ కష్టకాలమున విడివిడిగా చిక్కిన కుటుంబములకు అది కొంత ఊఱటయైనదని మేమొప్పుకొందుము. కాని అష్టాచెమ్మకు ఒక గుణమున్నది: అది ముగియును. పంటలు నిండును, దీపము కొండెక్కును, ఎదుట కూర్చున్న పిన్ని ఆవులించును, 'ఇక చాలు లేవే' యనును. ఎదుటివారి అలసట మన ఆటకు కట్టుగొయ్య. ఫోనులో ఎదుటివాడు అలసిన మఱియొకడు సిద్ధము. లోకమున ఎక్కడనో ఒకచోట ఎల్లప్పుడును మెలకువయే. మిఠాయి ఆటకు మెట్లు వేలకొలది. ఎక్కువారు పైకి వచ్చుకొలది పైన కట్టుచునే యున్నారు.

జూదమునుగూర్చి తెలుగువారికి క్రొత్తగా చెప్పవలసినదేమున్నది? రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని కొలువులో నన్నయభట్టారకుడు తెనిగించిన భాగముననే, సభాపర్వమునందు, శకుని పాచికలున్నవి. ఆ కథలో మేము ఎప్పుడును ఆగి ఆలోచించునది ధర్మరాజు ఓటమి కాదు. ఆయన ఆటకు వచ్చిన తీరు. అది కీడని ఆయనకు తెలియును. పిలిచినచో పోకుండుట తన వ్రతము కాదని వచ్చెను. సర్వమును ఓడి, ద్రౌపదికి జరిగిన ఘోరము చూచి, ధృతరాష్ట్రుని దయచే అంతయు మఱల పొంది, ఇంద్రప్రస్థమునకు త్రోవ పట్టిన పిమ్మట రెండవమాఱు పిలుపు వచ్చెను. మఱల వచ్చెను! ధనాశచేత కాదు, పిలుపును కాదనలేక. నేడు ఫోను మ్రోగును: 'మీ ప్రాణములు నిండినవి, రండు', 'మీ కానుక వేచియున్నది, రండు', 'మీ మిత్రుడు మిమ్ము మించిపోయినాడు, రండు'. దినమునకు ఎన్నిమాఱులు? ధర్మరాజునకు రెండు పిలుపులే వచ్చినవి.

ఈ వ్యాసము చదివి కొందఱు మగవారు తల యూచి, 'నిజమే, మా యింటి ఆడవారికి చెప్పవలెను' అని అనుకొందురని మాకు తెలియును. అందుచే ముందే చెప్పుచున్నాము. స్త్రీల తప్పులను వెదకుట సంస్కరణమని భ్రమపడు అలవాటు మనలో ఇంకను పోలేదు. వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున 1881లో మొదటి వితంతువివాహము చేయించి, ఎదుటివారికి చెప్పుటకు ముందు తమ యిల్లు నిలుపుకొనిరి. పగలెల్ల చాకిరిచేసి, మధ్యాహ్నము ఒక్క గంట తనది యనుకొను ఇల్లాలు ఆ గంటలో ఆట యెత్తినదనిన, ఆమెకు వేఱేమి మిగిల్చితిమో అడుగవలసినది మనలను. బ్యాంకులో, కచేరీలో, బడిలో, మీటింగులో బల్లక్రింద ఫోను దాచి మిఠాయి పేర్చువారు ఎవరు? మద్యపాన నిషేధముపై ఉపన్యాసము సాగుచుండగా ముందువరుసలో కండువా చాటున వ్రేలు కదలించు పెద్దలను మేము చూచియున్నాము.

పిల్లల సంగతియు ఇట్లే. 2020 సెప్టెంబరులో ప్రభుత్వము పబ్జీని నిషేధించినప్పుడు తల్లిదండ్రులు పీడ విరగడయైనదని సంతోషించిరి. పిల్లలు వారము తిరుగకమునుపే వేఱొక ఆట కెక్కిరి. ఆ కంపెనీయే 2021లో వేఱొక పేరుతో మఱల వచ్చెను. ఆట పేరును చట్టము తుడువగలదు, అలవాటును తుడువలేదు. అలవాటు ఎక్కడ పుట్టినది? ఏడాది బిడ్డ అన్నము తినదని, గోరుముద్దతోపాటు ఫోను చూపిన వారెవరు? చందమామను చూపిన చేయి ఎక్కడికి పోయినది? తండ్రి తన ఆట నాపక కొడుకును తుపాకి ఆట ఆపుమనును. 'నీవాపినావా నాన్నా?' యని కొడుకు అడిగినచో అది పొగరు కాదు.

ఇక మేము చేయుమనునదేమి? ఫోనులను గోదావరిలో వేయుమనుట లేదు. ఆటవారి పిలుపులు మొదట మూయవలెను. ప్రతి ఫోనులోను నోటిఫికేషనులు ఆపు మీట యున్నది, రెండు నిముషముల పని. ఈ యొక్క పనిచేత సగము బలము తగ్గును, ఎందుకనగా ఈ ఆటల బలమంతయు పిలుపులోనే యున్నది. ఎవ్వరికిని ప్రాణములు పంపరాదు, అడుగరాదు. అడిగినవారు తల్లియో పిన్నియో అయినచో, పంపుటకు బదులు ఫోను చేసి మాటలాడవలెను. భోజనపు పీటవద్దకు, పడకగదిలోనికి ఫోను రారాదని పెద్దలకు ముందు, పిన్నలకు పిమ్మట నియమము పెట్టవలెను. ఈ వరుస తప్పినచో నియమము నిలువదు. మధ్యాహ్నపు గంట ఇల్లాలికి ఎట్లు నిండునో ఆమెనే అడిగి, గ్రంథాలయమో, సంగీతమో, పొరుగువారి యింట అఱుగో, ఆమె కోరినదానికి దారి యీయవలెను. అది ఇంటిపని పంచుకొనక సాధ్యము కాదు.

ఆడు ప్రతివారిని రోగులనుట మా యభిప్రాయము కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో అంగీకరించి 2022 జనవరినుండి అమలు జరుపుచున్న రోగముల పట్టికలో ఆటల వ్యసనమును చేర్చినది. కాని అందుకు గుఱుతులు గట్టిగానే పెట్టినది. ఆటపై అదుపు తప్పవలెను. తక్కిన పనులన్నిటికంటె ఆటయే ముందు కావలెను. చదువో, ఉద్యోగమో, సంసారమో చెడుచున్నను మానలేకపోవలెను. సాధారణముగా ఇది ఏడాదిపాటు సాగవలెను. ఇట్టివారు మన యిండ్లలో ఒకరిద్దఱుందురు. వారికి మా వ్యాసము చదివి వినిపింపకుడు. సిగ్గుపడి ఇంకను లోనికి పోవుదురు. వారికి కావలసినది వైద్యుడు. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో ఇందుకై 2014లోనే ప్రత్యేక వైద్యశాల తెఱచిరి. అంతదూరము పోలేనివారు 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్ వారికి 14416 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. రాత్రింబగళ్లు పలుకుదురు, తెలుగులోనే మాటలాడవచ్చును, రుసుము లేదు.